అనంతపురం ఎండకు జానెరె కుర్చీ పేము తెగకుండా ఎలా?

నా కుర్చీ, స్విస్ ఆర్కిటెక్ట్ పియర్ జానెరె 1950ల్లో చండీగఢ్ కోసం గీసిన టేకు కుర్చీ తీరులో చేసింది: తిరగేసిన వీ ఆకారపు కాళ్లు, పేము సీటు. బెజ్జాలు 5 మి.మీ., ఎడం అర అంగుళం. 2.5 మి.మీ. పేము అరగంట నానబెట్టి, నున్నటి వైపు పైకుండేలా నిలువు, అడ్డం కలిపి నాలుగు వరసలు, ఐమూలగా రెండు వరసలు అల్లిక.

ఏప్రిల్ వచ్చేసరికి ముందు పట్టీ మీద, సరిగ్గా బెజ్జం అంచున పుటుక్కున తెగుతోంది. అంచులు సాండ్‌పేపర్‌తో గుండ్రంగా రుద్దినా అంతే. పొడిగాలికి తేమ పోయి పేము పెళుసెక్కుతోందని అనుమానం. వార్నిష్ వద్దు, అడుగువైపు మూసేస్తే ఇక తడి పట్టదు.

అడుగునుంచి వారానికోసారి నీళ్లు చిలకరిస్తే చాలా? మరీ బిగించి అల్లడమే తప్పా? అనంతపురం, కర్నూలు వైపు చేత్తో పేము అల్లేవాళ్లుంటే దయచేసి చెప్పండి.