ఫలితాలను బట్టి అంచనా వేసే చోట టెస్టింగ్ పనిని ఎలా చూపించాలి?

నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టర్‌గా చేరి 8 నెలలైంది. ఇది నా మొదటి ఉద్యోగం. ఆరో నెలలో జరిగిన పనితీరు సమీక్షలో మా మేనేజర్ గారు, నేను రోజుకు 10 గంటలు పని చేస్తున్న సంగతి తనకు తెలుసనీ, అయితే దానివల్ల జట్టుకు ఏం ఒరిగిందో మాత్రం కనిపించడం లేదనీ అన్నారు. ఆ మాట బాధపెట్టినా, అందులో న్యాయం ఉందనే అనుకుంటున్నాను.

ఆ తర్వాత 4 వారాల పాటు ప్రతి శుక్రవారం చేసిన పనుల వివరం పంపితే, అది పనుల చిట్టాయే తప్ప ఫలితం కాదన్నారు. అప్పుడు నేను నమోదు చేసిన లోపాల సంఖ్య చూపాను. ఒక్క నెలలో 43 నమోదు చేశాను గానీ, వాటిలో 16 ఇదివరకే నమోదైనవనో, సరిదిద్దనవసరం లేనివనో డెవలపర్లు మూసివేశారు. సంఖ్య పెంచాలన్న ఆరాటంలో ముఖ్యమైన భాగాలను లోతుగా పరీక్షించలేదని ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది.

చివరికి, మా పరీక్షలను దాటిపోయి విడుదల తర్వాత వినియోగదారుల దగ్గర బయటపడిన లోపాలను లెక్కించాను. గత విడుదలలో అవి 9 ఉండగా ఈసారి 5కు తగ్గాయి. కానీ గత విడుదలతో పోలిస్తే ఈ విడుదలలో చేసిన మార్పులే దాదాపు సగం కాబట్టి, ఆ తగ్గుదల నా పని వల్లే వచ్చిందని నిజాయితీగా చెప్పలేకపోతున్నాను.

విడుదల పరిమాణం ప్రతిసారీ మారుతున్నప్పుడు, ఇలా జారిపోయిన లోపాల సంఖ్యను దేనితో పోల్చి చూపితే టెస్టర్ పనికి న్యాయమైన కొలమానం అవుతుంది?