ఇశ్రాయేలీయులు మొదటినుంచీ ఒక్క దేవుణ్ణే కొలిచారా?

చదువరి_82: బైబిల్లో న్యాయాధిపతులు 11లో ఇశ్రాయేలు నాయకుడు యెఫ్తా అమ్మోను రాజుతో, మీ దేవుడు కెమోషు ఇచ్చింది మీరు ఉంచుకోండి, మా యెహోవా ఇచ్చింది మేం ఉంచుకుంటాం అన్నట్టు మాట్లాడతాడు. 82వ కీర్తనలో దేవుడు దైవాల మధ్య నిలబడి తీర్పు చెబుతాడు. మరి ఈ మిగతా దేవుళ్లెవరండీ? గొడవ పెట్టాలని కాదు, నిజంగానే డౌటు.

మట్టిపలక: మొదటి ఆజ్ఞ మళ్లీ చూడండి, వేరే దేవుడు నీకు ఉండకూడదు అంటుందే గానీ వేరే దేవుళ్లు అసలు లేరని అక్కడ అనదు. ఇక తవ్వకాల సంగతి. సీనాయిలో కుంతిల్లెత్ అజ్రూద్ అనే చోట 1975-76లో క్రీ.పూ. 800 ప్రాంతపు పెద్ద జాడీలు దొరికాయి, వాటిమీద "షోమ్రోను (సమరయ) యెహోవా, ఆయన అషేరా" పేరిట దీవెనలు రాసి ఉన్నాయి. హెబ్రోను దగ్గర ఖిర్బెత్ ఎల్ ఖోమ్ సమాధిలోనూ దాదాపు ఇలాంటి రాతే.

పాతబావి: అక్కడ అషేరా అంటే దేవతా, పూజించే కొయ్య స్తంభమా అన్నది పండితుల మధ్యే తేలలేదు. అయినా జనం దారి తప్పారనీ ప్రవక్తలు తిట్టారనీ బైబిలే చెబుతోందిగా, ఇందులో కొత్తేముంది?

మట్టిపలక: దారి తప్పడమైతే ఆ అషేరా ప్రతిమ సాక్షాత్తు యెరూషలేము మందిరంలో ఎందుకుందండీ? యూదా రాజు యోషీయా దాన్ని బయటికి తెప్పించి కిద్రోను దగ్గర కాల్పించింది క్రీ.పూ. 622 ప్రాంతంలో, అంటే సొలొమోను తర్వాత మూడొందల ఏళ్లకి. యిర్మీయా 44లో ఐగుప్తుకు (ఈజిప్టుకు) వెళ్లిన యూదులైతే, ఆకాశరాణి అనే దేవతకి ధూపం వేయడం మానేసినప్పటినుంచే మాకీ కష్టాలు అని యిర్మీయా ప్రవక్త మొహం మీదే అనేశారు. వాళ్ల దృష్టిలో దారి తప్పింది యోషీయానే!

నైలు_గట్టు: ఎలిఫెంటైన్ కూడా కలపండి. క్రీ.పూ. 5వ శతాబ్దంలో నైలు నది ద్వీపంలో కాపలా ఉన్న యూదా సైనికులకు సొంత యాహో (యెహోవా) గుడి ఉండేది. అక్కడి చందాల లిస్టులో యాహోతో పాటు అనాత్‌బేతేలు అనే దేవత పేరూ ఉంది. క్రీ.పూ. 410లో ఆ గుడి కూల్చేస్తే, మళ్లీ కట్టుకోవడానికి సాయం చేయమని యెరూషలేము ప్రధాన యాజకుడికే ఉత్తరం రాశారు, అదేదో తప్పన్న ఫీలింగే లేదు వాళ్లకి.

చదువరి_82: మరి "ఒక్కడే ఉన్నాడు" అన్న మాట ఎప్పుడు గట్టిపడింది?

మట్టిపలక: అంత సూటిగా వినిపించేది యెషయా 45లో. బబులోనును గెలిచిన పర్షియా రాజు కోరెషు పేరు కూడా అక్కడే ఉంది కాబట్టి ఆ భాగం బబులోను చెర చివరి రోజులదని ఎక్కువమంది పండితుల లెక్క. యెరూషలేము గుడి కాలిపోయి, రాజ్యం పోయాక, మా దేవుడు ఓడిపోయాడని ఒప్పుకోవాలి, లేదంటే బబులోనును నడిపిందీ ఆయనే అనాలి. వాళ్లు రెండోది అన్నారు.

పాతబావి: ఆ చివరి ముక్కకి నాకూ అభ్యంతరం లేదు. 82వ కీర్తనలో "దైవాలు" అంటే మనుషుల్లోని న్యాయాధిపతులే అనే పాత వ్యాఖ్యానం కూడా ఉంది, అదీ చదవండి.