గాలులు అయస్కాంత క్షేత్రాన్ని ‘పుట్టిస్తాయా’?

ప్రశ్న: పిల్లల పత్రికకి గురుగ్రహం మీద వ్యాసం రాస్తున్నానండి. ‘అక్కడి గాలులు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి’ అనొచ్చా? ‘పుట్టిస్తాయి’ దగ్గర చెయ్యి ఆగిపోతోంది.

జవాబు: ఆగడమే మంచిదండి. గురుడి విషయంలో ఆ మాట ఎక్కువైపోతుంది. అసలు క్షేత్రం పుట్టేది బాగా లోతున, హైడ్రోజన్ విపరీతమైన ఒత్తిడికి నలిగి లోహంలా కరెంటును పారనిచ్చే చోట. పైన చారలుగా కనిపించే గాలులు సుమారు 3,000 కిలోమీటర్ల లోతు దాకానే ఉంటాయని, గురుడి చుట్టూ తిరిగే జూనో అంతరిక్ష నౌక కొలతలతో 2018లో తేలింది. అక్కడ ఒత్తిడి మన నేల మీద ఉన్నదానికి దాదాపు లక్ష రెట్లు. దాన్ని ఇంకా ‘గాలి’ అనొచ్చా అనేది వేరే గొడవ, ఇప్పుడు పెట్టుకోవద్దు.

ఆ లోతుకి వచ్చేసరికి హైడ్రోజన్ కొద్దికొద్దిగా కరెంటును పోనిస్తుంది. కరెంటు పారగల పదార్థం కదిలితే అయస్కాంత బలరేఖలనూ తనతో లాక్కుపోతుంది. ఒక చార తూర్పుకి, పక్క చార పడమరకి వీస్తుంటే, ఉత్తర దక్షిణాలుగా ఉన్న రేఖ అడ్డంగా సాగుతుంది. అలా సాగినప్పుడు కొత్త క్షేత్రం కొంత తయారవుతుంది, కానీ సరుకు కిందినుంచి వచ్చిందే. రేఖలూ ఊరుకోవు, గాలికి బ్రేకు వేస్తాయి.

అందుకని ‘సాగదీస్తాయి’ అనండి. దానికి సాక్ష్యం కూడా ఉంది. గురుడి మధ్యరేఖ దగ్గర బలరేఖలు గట్టిగా లోపలికి దిగే చోటు ఒకటుంది, ‘పెద్ద నీలి మచ్చ’ అంటారు. (అది నీలంగా ఏమీ ఉండదు. పటంలో నీలం వేశారు, ఆ పేరే నిలిచిపోయింది.) పయొనీర్, వాయేజర్ నౌకల పాత కొలతలనీ జూనో కొలతలనీ 2019లో పోల్చి చూస్తే, ఆ రెండు కొలతల మధ్యకాలంలో ఆ మచ్చ దగ్గరే క్షేత్రం బాగా మారిందని, గాలులు దాన్ని జరుపుతున్నాయని తెలిసింది. సెకనుకి 4 సెంటీమీటర్ల చొప్పున తూర్పుకి జరుగుతోంది.

మరో సభ్యుడు: ఇంత దేనికండీ, ‘డైనమో’ అంటే సరిపోదా? సైకిల్ డైనమో అందరికీ తెలిసిందేగా.

జవాబు: తెలిసిందే, కానీ తిరకాసంతా అక్కడే. సైకిల్ డైనమోలో అయస్కాంతం ముందే ఉంటుంది, తిప్పితే కరెంటు వస్తుంది. గ్రహంలో అలాంటి ముక్క లేదు. కదలిక వల్ల కరెంటు రావాలి, ఆ కరెంటే మళ్లీ క్షేత్రాన్ని నిలబెట్టాలి. పైగా ఒకే లోతులో కరెంటు పారే గుణం అంతటా ఒకేలా ఉంటే, పైకీ కిందికీ కదలకుండా అడ్డంగా మాత్రమే వీచే గాలి ఎంత జోరుగా వీచినా ఆ పని చేయలేదని గణితంలో సిద్ధాంతమే ఉంది.

ప్రశ్న అడిగినవారు: అయితే గాలికి పుట్టిన క్షేత్రమే లేదన్నమాట!

జవాబు: ఉండొచ్చు, వేరేచోట. మన సౌరకుటుంబానికి బయట ఉన్న హ్యాట్-పి-7బి అనే గ్రహం తన నక్షత్రాన్ని 2.2 రోజుల్లో చుట్టేస్తుంది. పగటివైపు వేడి 2,000 డిగ్రీలు దాటి, సోడియం, పొటాషియం లాంటివి ఎలక్ట్రాన్లు వదిలేస్తాయి కాబట్టి అక్కడి గాలిలోనే కరెంటు పారుతుంది. రాత్రివైపు మాత్రం అంత పారదు. అంటే ఇందాకటి ‘అంతటా ఒకేలా’ అన్న షరతు చెల్లదు. ఇలాంటి తేడా ఉంటే వాతావరణమే డైనమోగా పనిచేయగలదని 2017లో రోజర్స్, మెక్‌ఎల్వేన్ అనే శాస్త్రవేత్తలు కంప్యూటర్ లెక్కలతో చూపించారు. ఈ గ్రహం గురించి ఒక పేరా రాస్తే అందులో మీ క్రియ ఉంచుకోండి. కాకపోతే అవి లెక్కలే కాబట్టి ‘పుట్టిస్తాయి’ తీసేసి ‘పుట్టించవచ్చు’ అని రాయండి.