చైనా క్లే తెల్లదనం కోసం సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్ పెట్టొచ్చా?

ప్రశ్న (క్లేప్లాంట్):
నమస్కారమండి. చైనా క్లే (తెల్ల బంకమట్టి) ప్లాంట్‌లో ప్రొడక్షన్ చూస్తాను. పేపర్ కోటింగ్ వాళ్ళు అడిగే తెల్లదనం మా మట్టికి రావట్లేదు, హైడ్రోసల్ఫైట్‌తో బ్లీచింగ్ చేసినా పసుపు ఛాయ అలాగే ఉంటోంది. మట్టికి రంగు తెచ్చే ఇనుప మలినాలని లాగేయడానికి ఇప్పుడున్నది రాగి కాయిల్ మాగ్నెట్, దాని కరెంటు బిల్లే పెద్ద బరువు. 5 టెస్లా (అయస్కాంత ఫీల్డ్ కొలత) సూపర్‌కండక్టింగ్ది, అంటే బాగా చల్లబరిస్తే కాయిల్‌లో కరెంటు నష్టం లేకుండా నడిచేది, తీసుకోమని ఒక సప్లయర్ వెంటపడుతున్నాడు. చల్లబరచడానికి ద్రవ హీలియం, మైనస్ 269 డిగ్రీలు అనేసరికి మా వాళ్ళకి టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (ఖనిజం):
ఇది కొత్త ప్రయోగమేం కాదండి. 1986లోనే అమెరికాలోని జార్జియాలో హ్యూబర్ కంపెనీ క్లే ప్లాంట్‌లో మాగ్నెట్లు తయారుచేసే ఈరీజ్ వాళ్ళు ఇలాంటిది పెట్టారు. రాగి కాయిల్‌లో కరెంటంతా వేడిగా పోతుంది, ఫీల్డ్ రెట్టింపు చేయాలంటే ఆ వేడి నాలుగింతలవుతుంది, పైగా 2 టెస్లా దగ్గర ఇనుము శాచురేట్ అవుతుంది (దాని అయస్కాంతత్వం ఇక పెరగదు) కాబట్టి ఆ పైన ఇనుప చట్రం నుంచి సాయం రాదు. నియోబియం-టైటానియం తీగని 4.2 కెల్విన్ (అదే మైనస్ 269 డిగ్రీలు) దగ్గర ఉంచితే కాయిల్‌లో ఆ నష్టమే ఉండదు, ఖర్చంతా చల్లగా ఉంచడానికే. 2 టెస్లా దాటాక లోపల మలినాలని పట్టుకునే స్టీల్ వూల్ (సన్నటి ఉక్కు పీచు) కూడా శాచురేట్ అవుతుంది, అయినా అనటేస్ (టైటానియం ఖనిజం), మైకా లాంటి, మాగ్నెట్‌కి బలహీనంగా లొంగే మలినాల మీద లాగుడు ఫీల్డ్‌తో పాటు పెరుగుతూనే ఉంటుంది, అందుకే స్లర్రీని (నీళ్ళలో కలిపిన మట్టిని) ఇంకా వేగంగా పంపొచ్చు. అసలు లాభం అక్కడే.

క్లేప్లాంట్:
మరి స్టీల్ వూల్ నిండాక కడగాలంటే మాగ్నెట్ ఆపాలి కదండీ? ఆపి, మళ్ళీ ఎక్కించేసరికి టైమంతా పోదా?

ఖనిజం:
పోతుంది, అందుకే రెండు క్యానిస్టర్ల (స్టీల్ వూల్ నింపిన డబ్బాల) పద్ధతి వచ్చింది. మాగ్నెట్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఒక క్యానిస్టర్ లోపల మట్టి శుభ్రం చేస్తుంటే రెండోది బయట కడుగుడు పడుతుంది, తర్వాత రెండూ చోట్లు మార్చుకుంటాయి. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ క్లే ప్లాంట్లలో ఇది వాడారు. సప్లయర్‌ని ముందు దీని గురించే అడగండి.

జవాబు (చలిమెషిన్):
నేను ఎమ్మారై స్కానర్ మాగ్నెట్ల సర్వీసులో ఉన్నాను, వాటిలోనూ ఇదే తీగ, ఇదే హీలియం, ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి కాబట్టి మరీ భయపడక్కర్లేదు. కానీ కరెంటు పోయినప్పుడు కూలర్ ఆగుతుంది, హీలియం మెల్లగా ఆవిరవుతుంది, కాబట్టి జనరేటర్ తప్పనిసరి. క్వెంచ్ అయితే (కాయిల్ ఉన్నట్టుండి సూపర్‌కండక్టింగ్ గుణం కోల్పోయి వేడెక్కితే) హీలియం ఒక్కసారిగా గ్యాసై గదిలో ఆక్సిజన్‌ని నెట్టేస్తుంది, మనుషులకి ప్రాణాపాయం, దాన్ని బయటికి తీసుకెళ్ళే పైపు విషయంలో మాత్రం రాజీ పడకండి.

జవాబు (మట్టిల్యాబ్):
కొనే ముందు మీ ఇనుము ఎక్కడుందో చూసుకోండి. విడి రేణువులుగా ఉంటే మాగ్నెట్ లాగేస్తుంది. కయోలినైట్ (చైనా క్లేలో ముఖ్య ఖనిజం) స్ఫటికం లోపలే అల్యూమినియం స్థానంలో కూర్చుంటే 5 టెస్లా కాదు, 10 పెట్టినా రాదు. మీ స్లర్రీనే పంపి టెస్ట్ చేయించండి, వాళ్ళ దగ్గరున్న శాంపిల్ రిజల్ట్ చూసి సంతకం పెట్టకండి.

క్లేప్లాంట్:
చాలా థాంక్సండి. మా రెండు గుంటల మట్టి వేర్వేరుగా ఉంటుంది, రెండింటి నుంచీ విడివిడిగా డ్రమ్ములు పంపిస్తాను.