రొట్టె పళ్లెం ముందుకొచ్చింది, చెయ్యి ఆడలేదు. నిజంగా క్రైస్తవులంటే ఎవరు?

ఒంగోలు అక్క
అందరికీ వందనాలు. మొన్న మొదటి ఆదివారం మా మందిరంలో ప్రభు బల్ల. రొట్టె విరిచే ముందు పాస్టరుగారు ఎప్పటిలాగే, ఎవరిని వారు పరీక్షించుకోమన్నారు. పళ్లెం మా వరస దాకా వచ్చింది. చెయ్యి చాపాను కానీ ముక్క తీసుకోలేకపోయాను. పక్కావిడకి అందించేశాను.

మా అన్నయ్యతో మాట్లాడి మూడేళ్లయింది. నాన్న ఇంటి వాటా దగ్గర మాటామాటా పెరిగింది. పోయిన క్రిస్మస్‌కి వాళ్ల పిల్లలిద్దరూ మా ఇంటికొస్తే, గుమ్మంలోనే కేకు ముక్కలు చేతిలో పెట్టి పంపించేశాను. లోపలికి రండి అనలేదు. చిన్నది చెప్పులు విప్పి, మళ్లీ వేసుకుని వెళ్లింది.

మాది నాలుగో తరం. నేను సండే స్కూల్లో పాఠాలు చెప్తాను. దశమభాగం ఒక్క నెల తప్పలేదు. ఇన్నీ చేస్తున్న నన్ను అసలు క్రైస్తవురాలు అనొచ్చా? వాక్యాలు నాకూ తెలుసు. మీకు జరిగింది చెప్పండి.

పాల తమ్ముడు
అక్కా, మా నాన్న సంగతి చెప్తాను. సైకిల్ మీద పాలు పోసేవాడు. పది లీటర్లకి ఒక చెంబు నీళ్లు, అది ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క. చెంబు కూడా అదే, అంచు సొట్టపోయిన ఇత్తడి చెంబు. బాప్తీస్మం తీసుకున్నాక ఒక తెల్లవారుజామున క్యాను ముందు ఆ చెంబు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నీళ్లు పొయ్యలేదు.

అక్కడితో ఆగలేదు. వాడిక ఇళ్లన్నిటికీ వెళ్లి, ఇన్నాళ్లూ నీళ్లు కలిపానని చెప్పి, వారం రోజులు డబ్బు తీసుకోకుండా పోశాడు. బైబిల్లో సుంకరి జక్కయ్య నాలుగంతలు తిరిగిచ్చాడు, నాకు వారమే చేతనైందని బాధపడేవాడు. రెండిళ్ల వాళ్లు తిట్టి వాడిక మానేశారు. ఆ నెల బడి ఫీజు కట్టలేదు, అమ్మ ఏడ్చింది.

ఆయన కూటాల్లో సాక్ష్యం చెప్తుంటే విని ఎవరూ ఏమీ అడగలేదు. పాలు చిక్కబడ్డాక మాత్రం ఏమైంది నీకు అని వీధంతా అడిగింది.

సిలువ నీడ
బ్రదర్, సాక్ష్యం బాగుంది, దేవునికి స్తోత్రం. కానీ ఒక్కటి చెప్పాలి. మంచి పనులవల్ల ఎవరూ క్రైస్తవులు కారు. రక్షణ కృప చేతనే. యేసు సిలువ మీద చేసినదాన్ని నమ్మి, పాపం ఒప్పుకుని, మారుమనస్సు పొందాలి. నీళ్లు కలపని పాలవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు.

పాల తమ్ముడు
నిజమే అన్నా. నాన్న కూడా అదే అనేవాడు, క్షమాపణ ముందే దొరికింది కాబట్టే ఆ ఇళ్లకి వెళ్లే ధైర్యం వచ్చిందని. ముందు కృప, తర్వాత చెంబు. కానీ చెంబు అలాగే ఉండిపోతే కృప వచ్చిందని నేను ఎలా నమ్మాలి? క్రియలు లేని విశ్వాసం ఏపాటిదని బైబిల్లో యాకోబు పత్రిక అడిగేది కూడా అదే కదా.

రిటైర్డ్ మాస్టారు
అమ్మా, మీది ఒంగోలు కాబట్టి ఇది చెప్పాలనిపించింది. 1876 నుంచి 78 దాకా మహా కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని కూలీలకి పని కల్పించాడు. కాలువ గట్టు మీదే వాక్యం విని వేలమంది బాప్తీస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదనీ, తనకీ ఆ అనుమానం ఉండకూడదనీ ఆగాడు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. అప్పుడు 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తీస్మం ఇచ్చారు. పాలపొడి క్రైస్తవులని, అంటే మిషన్ల వాళ్లిచ్చే తిండి కోసం మతం మారారని, ఇప్పటికీ మనల్ని ఎవరైనా అంటే నాకు ఆ ఏరే గుర్తొస్తుంది.

అంతకుముందు 1866లో బాప్తీస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య, ఆయన వెనక వచ్చిన మాదిగ కుటుంబాలు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ ఊరి పెద్దలు పిలిచినప్పుడు ఈ రోజు పనికి రాను అనడం, జాతరలో డప్పు కొట్టను అనడం ఆ రోజుల్లో ఎంత ప్రమాదమో ఆలోచించండి. పని పోయింది, దెబ్బలు తిన్నారు. వాళ్లకి క్రైస్తవులవడమంటే ముందు తల ఎత్తడం. ఈ మాట మన సండే స్కూల్లో ఎవరూ చెప్పరు, మీరైనా చెప్పండి.

గుంటూరు నుంచి
మాస్టారూ, తల ఎత్తడం అన్నారు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

మేమిద్దరం అన్నదమ్ములం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి చేర్చారు, మనకి లేదు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పి, క్రైస్తవులైన ఎస్సీలకిచ్చే బీసీ-సి సర్టిఫికెట్ తీసుకున్నాను. అందులో ఉన్నది ఒక్క శాతం రిజర్వేషను. ఉద్యోగం రాలేదు. తమ్ముడు హిందూ అని రాయించుకున్నాడు, వాడికొచ్చింది. ఆదివారం మందిరంలో కీబోర్డు వాడిదే. కాగితం మీద యేసును అమ్ముకున్నావురా అని అందరి ముందూ అన్నాను.

అమ్మకి పక్షవాతం వచ్చాక రెండేళ్లు మంచం మీదే. మందులు వాడి జీతంతో. అది సరే, రాత్రిళ్లు ఆమెని పక్కకి తిప్పి, ఒళ్లు తుడిచి, బట్టలు మార్చిందీ వాడే. నేను ఆదివారం వచ్చి ప్రార్థన చేసి వెళ్లేవాడిని. వాడు రాయించింది ఒప్పని ఇప్పటికీ అనను. నేను అన్న మాట మాత్రం తప్పు.

ఇంకొకటి. మా ఊళ్లో మాలపల్లెలో ఒక మందిరం, మాదిగపల్లెలో ఒక మందిరం. పాటల పుస్తకం ఒకటే, పిల్లల పెళ్లిళ్ల దగ్గర మాత్రం గోడ. ఊరు మనల్ని దూరం పెట్టిందని ఏడ్చిన మనమే దాన్ని లోపలికి తెచ్చుకున్నాం.

కువైట్ చెల్లి
నేను ఇంటిపని. మాది కడప వైపు. ఇక్కడ శుక్రవారమే మాకు ఆరాధన, అదీ మేడమ్ పంపితే. పోయినేడు నాలుగు నెలలు పంపలేదు. బైబిలు లేదు, పాట లేదు. పొద్దున చపాతీ పిండి కలుపుతూ మనసులోనే ప్రార్థన చేసుకునేదాన్ని. ఆ మేడమ్ అత్తగారు ముసలావిడ, నన్ను ఎప్పుడూ కసురుతుంది. ఆమె కాళ్లు నొప్పులని ఒక రాత్రి మూలుగుతుంటే, పిలవకపోయినా వెళ్లి నూనె రాశాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. ఆ రాత్రి ప్రభువు నా పక్కన ఉన్నట్టనిపించింది అక్కా. మందిరంలో కూడా ఎప్పుడూ అంతగా అనిపించలేదు.

పక్కింటి మనిషి
నేను హిందువుని, మాట్లాడొచ్చో లేదో. 2021 మేలో కోవిడ్‌తో నాన్న పోతే చుట్టాలెవరూ రాలేదు. మా వీధి చివర చర్చి కుర్రాళ్లు నలుగురు కిట్లు వేసుకుని వచ్చి పాడె మోశారు. మా పద్ధతి ప్రకారమే జరగాలని పంతులుగారిని ఫోన్లో పెట్టి నాతో అన్నీ చేయించారు. వాళ్ల మతం గురించి ఒక్క మాట ఎత్తలేదు. క్రైస్తవులంటే ఎవరని నన్నడిగితే ఆ నలుగురి పేర్లు చెప్తాను.

ఒంగోలు అక్క
అన్నీ చదివాను, కొన్ని రెండేసి సార్లు. గుంటూరు తమ్ముడూ, నువ్వు అంత ధైర్యంగా చెప్పినందుకు వందనాలు.

బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమన్న మాట పిల్లలకి ఎన్నిసార్లు కంఠతా పట్టించానో లెక్కలేదు. నిన్న సాయంత్రం వదినకి ఫోన్ చేశాను. అన్నయ్య పక్కనే ఉన్నాడట, తీసుకోలేదు. సరేనన్నాను. శనివారం పొద్దున బస్సుకి ఊరెళ్తున్నాను. వాటా మాట ఎత్తను. గుమ్మంలో నుంచే పంపేస్తాడేమో తెలియదు. చిన్నదానికి మాత్రం నేను చెప్పాల్సిన మాట ఒకటుంది.

ప్రార్థన చెయ్యండి.