ఎర్రగుడి శాసనాలున్న సీమలో బౌద్ధం ఎందుకు నిలవలేదు?

కర్నూలు ఉపాధ్యాయుడు:
సభ్యులందరికీ నమస్కారం. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఉన్న ఎర్రగుడి అశోక శాసనాలను చూపించడానికి గత నెలలో మా తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకువెళ్లాను. పద్నాలుగు పెద్ద శిలాశాసనాలూ, చిన్న శిలాశాసనాలూ ఒకే చోట ఉన్న అరుదైన స్థలం అది. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు, నాగలి చాలు తిరిగినట్టు చెక్కి ఉండటం చూసి పిల్లలు అక్కడి నుంచి కదలలేదు. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల పట్ల దయ చూపాలి, సత్యం పలకాలి అని అందులో ఉన్నదని వివరిస్తుంటే ఒక అమ్మాయి, "మరి మన ఊళ్లో బుద్ధుని గుడి ఒక్కటీ ఎందుకు లేదు సార్?" అని అడిగింది. తిరిగి వచ్చాక మా ఉపాధ్యాయుల్లో ఒకరు శైవులు తరిమివేశారన్నారు; మరొకరు బౌద్ధం హైందవంలో ఒక శాఖే కనుక ఎక్కడికీ పోలేదన్నారు. ఆ అమ్మాయికి నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాను. ఆధారాలతో చర్చించవలసిందిగా కోరుతున్నాను.

నల్లమల వాసి:
తరిమివేత జరగలేదనడం కష్టం. శ్రీశైలం మల్లికార్జున ఆలయంలోని 1512 నాటి శాసనంలో ఒక వీరశైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరికినట్టు గర్వంగా చెప్పుకున్నాడు. జైనుల గతి అదైతే బౌద్ధులకు అంతకంటే మేలు జరిగి ఉంటుందని నేను నమ్మలేను.

రాజంపేట పాఠకురాలు:
నల్లమల వాసి గారు చెప్పిన శాసనం ఉన్నమాటే, దాన్ని దాచవలసిన పని లేదు. అయితే అది జైనులకు సంబంధించినది. పైగా అప్పటికి మన వైపు బౌద్ధం చల్లారి శతాబ్దాలు గడిచాయి. ఏడో శతాబ్దిలో ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి, వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్, భిక్షువులు ఉండే ఆరామాలు చాలావరకు పాడుపడ్డాయనీ, ఇరవై దాకా మాత్రమే నడుస్తున్నాయనీ అప్పటికే రాశాడు. మరోవైపు 1182లో కోట వంశపు రాజు కేతరాజు, తాను శివుడైన అమరేశ్వరుని కొలిచే వంశంలో పుట్టినవాడై ఉండి కూడా, అదే ధాన్యకటకంలో బుద్ధునికి గ్రామాలూ దీపాలూ దానం చేసినట్టు శాసనం ఉన్నది. అంతకు చాలా ముందు నాగార్జునకొండ నుంచి ఏలిన ఇక్ష్వాకుల ఇంట్లోనైతే రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, ఆయన చెల్లెలు శాంతిశ్రీ నాగార్జునకొండలో బౌద్ధులకు దానాలు చేసింది. ఒకే ఇంటి గడప లోపల రెండు మార్గాలూ నడిచిన నేల ఇది. కత్తి ఒక్కటే కారణమంటే ఈ ఆధారాలు ఒప్పుకోవు.

నా అభిప్రాయంలో అసలు లోపం మరొక చోట ఉన్నది. మన ప్రాంతంలో బౌద్ధం భిక్షువుల ఆరామంలోనూ, దాన్ని పోషించిన వర్తకుల, రాజకుటుంబాల దానాల్లోనూ బతికింది. రైతు ఇంట్లో పురుడు, పెళ్లి, కర్మ జరిగేటప్పుడు అక్కడ నిలబడి నడిపించే స్థానం దానికి బలంగా ఏర్పడలేదు. వర్తకం సన్నగిల్లి, దానాలు ఆలయాలకూ అగ్రహారాలకూ మళ్లేసరికి ఆరామానికి ఆసరా పోయింది. రెండోది భాష. శాసనాలు ప్రాకృతంలో ఉన్నాయి, ఆ కాలపు బౌద్ధుల తెలుగు గ్రంథం ఒక్కటీ మనకు దక్కలేదు. మా నందలూరు దగ్గర ఆడపూరులో బౌద్ధ శిథిలాలు ఉన్నాయి. అక్కడికి దగ్గరలోనే తాళ్లపాక ఉన్నది. అన్నమయ్య పదం ఈ రోజుకూ మా అమ్మమ్మ గారు ఊయల ఊపుతూ పాడుతారు. ఆ శిథిలాల్లో ఉన్న భిక్షువులు ఏమి పాడుకున్నారో మా ఊళ్లో ఒక్క నోటికీ రాదు.

దీనికి పోలికగా సిక్కు మతాన్ని చూడండి. 1469లో పుట్టిన గురు నానక్ ఇల్లు విడిచిపెట్టమనలేదు. కష్టపడి సంపాదించు, పంచుకుని తిను, నామం స్మరించు అన్నారు. పాడుకునే మాటలు జనానికి తెలిసిన భాషలో ఉన్నాయి, 1604 నాటికి అవి గ్రంథంగా కుదిరాయి, అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినే లంగరు ఉన్నది. 1762లో అహ్మద్ షా అబ్దాలీ సైన్యం ఒక్క దాడిలో వేల మంది సిక్కులను చంపింది. అయినా ఆ మతం పోలేదు, ఎందుకంటే దాన్ని మోసేవాడు మఠంలో లేడు, పొలంలో ఉన్నాడు.

ప్రొద్దుటూరు సభ్యుడు:
బుద్ధుణ్ణి మనం దశావతారాల్లో చేర్చుకున్నాం. చేర్చుకున్నదాన్ని పోయిందనడం ఎందుకు?

రాజంపేట పాఠకురాలు:
అయ్యా, చేర్చుకున్న తీరు కూడా చూడాలి. భాగవతంలో ఆ అవతారం దేవతల శత్రువులను మోహపెట్టడానికి వచ్చినట్టు ఉన్నది. బుద్ధుడు చెప్పినదేమో శాశ్వతమైన ఆత్మ లేదని, దుఃఖానికి మూలం తృష్ణ అని. వేదప్రామాణ్యాన్ని ఆయన అంగీకరించలేదు. అహింస, కర్మ, పునర్జన్మ వంటి మాటలు ఇద్దరికీ ఉమ్మడివన్నది నిజమే. కానీ ఆయన పేరును పూజలో పెట్టుకుని ఆయన బోధను పక్కన పెట్టినప్పుడు, మిగిలినది బౌద్ధమని నేను అనలేను.

నల్లమల వాసి:
మీ వాదనకు ఒక అడ్డు ఉన్నది. శ్రీలంకలోనూ బౌద్ధం భిక్షువుల చేతుల్లోనే నడిచింది కదా, అక్కడ ఎలా నిలిచింది?

రాజంపేట పాఠకురాలు:
మంచి ప్రశ్న. అక్కడ రాజుల ఆదరణ ఎక్కువ కాలం అందింది, అది ఒప్పుకుంటాను. కనుక నా కారణం ఒక్కటే చాలదు. అయితే అక్కడ విహారం ఊరి మధ్యకు వచ్చింది, ఊరి పిల్లలే భిక్షువులయ్యారు, చావు ఇంటికి భిక్షువు వచ్చి సూత్రం చదివాడు, ధర్మం సింహళంలో కూడా వినిపించింది. శ్రీలంకలోని 1344 నాటి గడలాదెనియ శాసనంలో ధర్మకీర్తి అనే సింహళ భిక్షువు మన ధాన్యకటకంలోని ప్రతిమాగృహాన్ని బాగుచేయించినట్టు ఉన్నది. మన స్తూపాన్ని చూసుకోవడానికి సముద్రం దాటి రావలసి వచ్చిందన్న విషయం చదివిన రోజు నాకు నిజంగా బాధ కలిగింది.

అనంతపురం బౌద్ధుడు:
నేను ఆలస్యంగా చేరుతున్నాను, క్షమించండి. మీరందరూ బౌద్ధం గురించి గతించినదన్నట్టు మాట్లాడుతున్నారు. మా ఇంట్లో అది ఉన్నది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ గారు దీక్ష తీసుకున్నప్పుడు ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో, బుద్ధుడు విష్ణువు అవతారమని నమ్మను అన్నది ఒకటి. మా నాన్న గారు ఆ మార్గంలోకి వచ్చారు. ప్రొద్దుటూరు సభ్యుడు గారి మాట మాకు ఎందుకు నొప్పి కలిగిస్తుందో దీన్నిబట్టి గ్రహించగలరు.

రాజంపేట పాఠకురాలు గారు చెప్పిన ఇల్లు, భాష అనే రెండు మాటలూ నేను అనుభవంతో సమర్థిస్తాను. మా చెల్లెలి పెళ్లిలో బుద్ధ, ధర్మ, సంఘాలను శరణు కోరే త్రిశరణం, ఐదు నియమాల పంచశీల పాలీలోనే చదివించాం. ముందు వరుసలో కూర్చున్న మా నాయనమ్మ, "ఏమంటున్నారు నాయనా?" అని రెండుసార్లు అడిగింది, మా దగ్గర జవాబు లేదు. పెళ్లయిన వారానికి చెల్లెలూ నేనూ కూర్చుని ఒక్కొక్క వాక్యానికి తెలుగు అర్థం రాసి, పెళ్లికీ, నామకరణానికీ, చావుకూ ఏది ఎప్పుడు చదవాలో రెండు వందల పేజీల నోటుపుస్తకంలో వరుసగా పెట్టాం. ఆ పుస్తకం మా వీధిలో నాలుగు పెళ్లిళ్లకూ, మా నాయనమ్మ అంత్యక్రియలకూ వెళ్లి వచ్చింది. అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకున్నాం. కర్నూలు ఉపాధ్యాయుడు గారూ, ఆ అమ్మాయికి చూపించాలనుకుంటే జిరాక్సు తీయించి పంపుతాను.