లిండీ హాప్: 180 బీట్ల వేగంలో స్వింగౌట్ 4వ కౌంట్ దగ్గర చెదురుతోంది, ఎలా సరిచేయాలి?

లిండీ హాప్ అంటే స్వింగ్ జాజ్ పాటలకి చేసే జంట నృత్యం. అందులోని స్వింగౌట్ (లీడర్, అంటే నడిపించే వ్యక్తి, ఫాలోయర్‌ని, అంటే అనుసరించే వ్యక్తిని, దగ్గరికి తెచ్చి, తిప్పి, మళ్లీ దూరంగా పంపే 8 కౌంట్ల కదలిక) నిమిషానికి 140 బీట్ల పాటకి మాకు చక్కగా కుదురుతోంది. 180 దాటితే చాలు, గాడి తప్పుతోంది. 1-2 రాక్ స్టెప్ (వెనక్కి ఒక అడుగు, మళ్లీ ముందుకి ఒకటి), 3-4 ట్రిపుల్ (రెండు కౌంట్లలో మూడు అడుగులు), 5-6 రెండు అడుగులు, 7-8 మళ్లీ ట్రిపుల్. లెక్క తప్పడం లేదు. తేడా అంతా 4 దగ్గరే. లీడర్ కుడి అరచేయి ఫాలోయర్ వీపు మీదికి 4కల్లా చేరాలి, 5కి గానీ చేరడం లేదు. దాంతో ఆమె తిన్నగా గీత మీద కాకుండా పక్కకి వెళ్తోంది, ఎడమ చేత్తో లాగాల్సి వస్తోంది. ఆ లాగుడు ఇద్దరి భుజాలకీ చేటు.

అడుగులు కుదించాం, మోకాళ్లు ఇంకాస్త వంచాం, కొంత నయం. ఈ వేగంలో ట్రిపుల్ ఉంచుకోవాలా, ఒక అడుగు వేసి ఆగాలా? 1 నుంచి 4 వరకే విడిగా సాధన చేసేవాళ్లు ఎన్నేసి బీట్లు పెంచుకుంటూ పోతారు? దయచేసి చెప్పండి.